కరిచేది వదులు బూటే

కొత్త చెప్పు కరుస్తుంది. రెండు రోజులు కుంటుతూ నడిచి, మడమ మీద లేచిన బొబ్బకు కొబ్బరినూనె రాసుకుని, మూడో రోజుకి చెప్పూ మనమూ రాజీపడతాం. ఈ గొడవంతా పడలేకే కాబోలు, మా ఇంట్లో ఎవరికి ఏం కొన్నా ఒక సైజు పెద్దదే. జూన్‌లో బడి తెరిచే ముందు నల్ల షూలు కొనడానికి వెళ్తే అమ్మ వంగి, షూ ముందుభాగాన్ని బొటనవేలితో నొక్కి చూసేది. ఖాళీ తగిలితేనే పర్సు తెరిచేది. "పెరిగే కాళ్లు, వచ్చే ఏడాదికీ రావాలి" అనేది. నాకు ముప్పై అయిదు దాటి, కాళ్లు పెరగడం మానేసి చాలా ఏళ్లయినా, కొలరాడోలో ఒక మంచుకొండ కింద స్నోబోర్డు సామాను అద్దెకిచ్చే దుకాణంలో నా నోట్లోంచి వచ్చింది ఆ మాటే: కొంచెం పెద్దవి ఇవ్వండి, కాలు ఫ్రీగా ఉండాలి.

ఇచ్చారు. మెత్తగా, హాయిగా, ఇంట్లో వేసుకునే చెప్పుల్లా ఉన్నాయి. మధ్యాహ్నానికి నేను పడని చోటు లేదు ఆ వాలు మీద. స్నోబోర్డు పలక నా మాట వినడం లేదు. మడమలు ఎత్తితే బూటు లోపల మడమలు లేస్తున్నాయి తప్ప, పలక మాత్రం కదలకుండా ఆలోచిస్తూ ఉంటోంది. సాయంత్రం సాక్సులు విప్పితే రెండు మడమల మీదా రూపాయి బిళ్లంత బొబ్బలు. ఇంత వదులు బూటు కరవడమేమిటి?

నిజానికి కరిచేది వదులు బూటే. బొబ్బ ఎలా పుడుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది. చెమటకు తడిసిన చర్మం సాక్సుకు అంటుకుంటుంది, సాక్సు బూటు గోడకు అంటుకుంటుంది. లోపల ఎముక మాత్రం అడుగడుగునా పైకీ కిందికీ కదులుతుంది. పైచర్మం ఒకచోట నిలబడి, కింద ఎముక జరుగుతుంటే మధ్యనున్న పొరలు అటూ ఇటూ సాగుతాయి. కొన్ని వందలసార్లు అలా సాగాక పొరల మధ్య చిన్న చీలిక వస్తుంది, అందులోకి నీరు ఊరుతుంది. అంటే బొబ్బకు అసలు కారణం బిగుతు కాదు, కదలిక. మడమ కదలకుండా పట్టుకున్న బూటు నొక్కవచ్చు, కొన్నిసార్లు తిమ్మిరి ఎక్కించవచ్చు, కానీ కరవడం అరుదు. కరవడం, నొక్కడం, తిమ్మిరెక్కడం: ఇవి మూడూ మూడు వేర్వేరు జబ్బులు, మూడింటికీ మందులు వేరు. దుకాణంలో కుర్రాడు "ఎలా ఉంది?" అని అడిగితే "టైట్‌గా ఉంది" అనే ఒక్కమాటతో సరిపెట్టకుండా, వీటిలో ఏదో తేల్చి చెప్పగలిగితే సగం పని అయినట్టే.

ఇంత రాద్ధాంతం మామూలు షూలకు అక్కర్లేదు. స్నోబోర్డు బూటు కాలికి తొడుక్కునే వస్తువులా కనిపిస్తుంది గానీ, చేసే పని స్టీరింగు రాడ్డుది. స్కీయింగ్‌లో రెండు కాళ్లకు రెండు సన్నపు పలకలు, ముఖం కొండ దిగువకు. స్నోబోర్డులో ఒకటే పలక, దాని మీద రెండు పాదాలూ అడ్డంగా, మనిషి పక్కకు తిరిగి నిలబడతాడు. పలక నడుము వెడల్పు సుమారు 25 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక పాదం పొడవు. కాబట్టి కాలివేళ్లు ఒక అంచు మీద, మడమలు రెండో అంచు మీద ఉంటాయి. బ్రేకు లేదు, హ్యాండిల్ లేదు. మునివేళ్ల మీదికి ఒరిగితే ఒక అంచు మంచులో దిగుతుంది, మడమల మీదికి ఒరిగితే రెండోది. మలుపు తిరగడం, ఆగడం, వేగం తగ్గించుకోవడం, అన్నీ ఈ రెండు అంచుల మధ్య నడిచే వ్యవహారమే. ఆ ఒరుగుడును శరీరం నుంచి పలకకు చేరవేసే దారి బూటు ఒక్కటే. కాలి ముందు ఎముక బూటు నాలుకను ముందుకు తోస్తుంది, పిక్క వెనకగోడను వెనక్కి తోస్తుంది, బూటు ఆ తోపుడును తనను పలకకు పట్టి ఉంచే బైండింగుకు, బైండింగు పలకకు అందిస్తాయి.

పిడి వదులైన గొడ్డలితో కట్టె కొట్టినవాళ్లకు వదులు బూటు సంగతి వేరే చెప్పక్కర్లేదు. చెయ్యి తిరుగుతుంది, ఇనుము తిరగదు. చిన్న లెక్క చూద్దాం. కాలివేళ్ల మొదలు నుంచి మడమ చివరి దాకా సుమారు 19 సెంటీమీటర్లు అనుకుంటే, బూటు లోపల మడమ ఒక్క సెంటీమీటరు లేచిందంటే పాదం సుమారు 3 డిగ్రీలు వంగినట్టు. ఆ 3 డిగ్రీలూ పలకకు చేరవు, బూటు లోపలే ఖర్చయిపోతాయి. నేర్చుకునేవాడు పలకను వంచేదే భయంభయంగా, కొద్దికొద్దిగా. అందులోంచి 3 డిగ్రీలు కోత పడితే మిగిలేది ఎంత? అంతకంటే పెద్ద ముప్పు ఇంకోటుంది. ఖాళీ ఉన్నంతసేపూ ఏమీ జరగదు, ఖాళీ తీరిపోగానే పలక ఒక్కసారిగా వంగుతుంది. అనుకోని క్షణంలో అనుకోని అంచు మంచును పట్టుకుంటుంది, మనిషి బొక్కబోర్లా పడతాడు. నేను ఆ రోజంతా చేసింది ఇదే. తప్పు నా కాళ్లదనుకున్నాను, తర్వాత పలకదనుకున్నాను. బూటును అనుమానించలేదు, అది అంత మెత్తగా ఉంది మరి.

మెత్తటి బూటుతో మంచు మీద జారడం అనే ఆలోచనకు వెనక ఒక ముచ్చటైన చరిత్ర ఉంది. 1965 క్రిస్మస్ రోజున, అమెరికాలో మిషిగన్ రాష్ట్రం మస్కీగన్ పట్టణంలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు, కూతుళ్ల ఆట కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించాడు. మంచు అనే అర్థమున్న స్నో, అలల మీద జారే సర్ఫ్, ఈ రెండు మాటల్నీ కలిపి అతని భార్య దానికి 'స్నర్ఫర్' అని పేరు పెట్టింది. ముందు కొనకు ఒక తాడు, అంతే. కాళ్లను పట్టుకునే ఏర్పాటు లేదు. 1977 ప్రాంతంలో వెర్మాంట్‌లో జేక్ బర్టన్ కార్పెంటర్, కాలిఫోర్నియాలో టామ్ సిమ్స్ లాంటివాళ్లు దాన్ని పలకగా, ఆటగా, వ్యాపారంగా మలుచుకుంటూ వచ్చారు. పాదాలను పలకకు కట్టేయడం మొదలయ్యాక బూటు సమస్య వచ్చిపడింది. ఈ ఆటకంటూ బూట్లు లేవు. మంచుదేశాల్లో జనం మామూలుగా తొడుక్కునే సోరెల్ లాంటి చలి బూట్లే గతి. అవి చీలమండ దగ్గర వదులుగా ఉంటాయి కాబట్టి కొందరు లోపల స్కీ బూటు లైనరును, అంటే దాని లోపలి మెత్తటి బూటును, కుక్కేవారు, పైన టేపు చుట్టేవారు. ఇప్పటి స్నోబోర్డు బూటు విప్పి చూస్తే బయట మెత్తని తొడుగు, లోపల విడిగా ఊడొచ్చే మరో బూటు కనిపిస్తాయి. ఆ టేపు చుట్టిన రోజుల జుగాడ్‌కే ఇది ముదిమనవడు అనిపిస్తుంది నాకు. పందేల్లో ఒక తరహావాళ్లు మాత్రం గట్టి ప్లాస్టిక్ బూట్లే వాడతారు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో చెక్ దేశపు ఎస్తెర్ లెదెత్స్కా స్కీ పందెంలోనూ, స్నోబోర్డు పందెంలోనూ స్వర్ణాలు గెలిచింది. ఆమె దిగిన స్నోబోర్డు పందెం, సమాంతర జెయింట్ స్లాలమ్, ఆ గట్టి బూట్ల ఆటే. మొదటిసారి కొండ ఎక్కేవాడికి దానితో పనిలేదు.

సరే, సైజు. బొబ్బలు మానాక మరో దుకాణానికి వెళ్లాను. అక్కడ నడివయసు ఆవిడ ఒకరు, నేను సైజు చెప్పబోతే ఆపి, బూట్లు విప్పమంది. పాదం కొలిచింది: 26 సెంటీమీటర్లు. "మొన్నటివి ఎంత?" అంది. పది అన్నాను. ఆవిడ నవ్వలేదు, అది ఆవిడ మంచితనం.

జరిగిందేమిటంటే, మనదేశంలో షూల మీద ఉండేది బ్రిటిష్ సైజు. నేను ఇండియాలో 8 వేసుకునేవాణ్ని, అదీ కొంచెం ఖాళీతో. అమెరికాలో మగవాళ్ల సైజు సుమారుగా ఒక అంకె ఎక్కువ, కాబట్టి 9 అన్నమాట. దానికి అమ్మ సూత్రం కలిపి 10 అడిగాను. స్కీ, స్నోబోర్డు బూట్లకు వీటన్నిటికంటే నికార్సైన కొలత ఒకటుంది, మోండోపాయింట్ అంటారు. అది మరేమీ కాదు, పాదం పొడవు, ఈ బూట్ల మీద సెంటీమీటర్లలో రాస్తారు. అమెరికన్ 10 అంటే మోండోలో 28. పాదం 26. నా కాలి ముందు రెండు సెంటీమీటర్ల ఖాళీ స్థలం, ప్లాటు వేసి అమ్ముకోవచ్చు.

ఇంట్లోనే కొలుచుకోవడం కష్టమేం కాదు. మడమ గోడకు ఆనించి, కాగితం మీద బరువు పెట్టి నిలబడాలి. కూర్చుని కొలిస్తే తక్కువ వస్తుంది, ఎందుకంటే బరువు పడ్డప్పుడు అరికాలి వంపు కొద్దిగా కుంగి పాదం కొన్ని మిల్లీమీటర్లు సాగుతుంది. పొద్దున కంటే సాయంత్రం కొలవడం మేలు, రోజంతా నిలబడ్డాక పాదాల్లోకి నీరు దిగి కాస్త ఉబ్బుతాయి. రెండు పాదాలూ కొలవాలి. చాలామందికి ఒకటి పెద్దది, ఆ పెద్దదాని లెక్కే లెక్క.

ఆవిడ 26 తెచ్చి తొడిగింది. నిటారుగా నిలబడితే బొటనవేళ్లు ముందుగోడకు తగిలాయి. "చిన్నవి" అన్నాను. "మోకాళ్లు వంచు" అంది. వంచాను. వేళ్లు గోడ నుంచి వెనక్కి వచ్చేశాయి! ఇందులో మాయ లేదు. మోకాళ్లు వంగితే కాలి ముందు ఎముక బూటు నాలుకను తోస్తుంది, నాలుక ఎదురు తోస్తుంది, ఆ తోపుడుకు మడమ వెనక గుంటలోకి జరిగి కూర్చుంటుంది. మడమతో పాటు వేళ్లూ వెనక్కి జరుగుతాయి. పలక మీద ఎవరూ నిటారుగా నిలబడరు, మోకాళ్లు ఎప్పుడూ వంగే ఉంటాయి. కాబట్టి బూటు సైజు తేలాల్సింది ఆ భంగిమలోనే. నిలబడ్డప్పుడు వేళ్లు మెల్లగా తగలాలి, ముడుచుకుపోకూడదు. వంగినప్పుడు తగులుడు తగ్గాలి. తర్వాత ఆవిడ కింద కూర్చుని బూటును రెండు చేతులతో నేలకు అదిమిపట్టి, "ఇప్పుడు మునివేళ్ల మీద లేవడానికి చూడు" అంది. మడమ కదల్లేదు. అసలు పరీక్ష అదే, వేళ్ల తగులుడు కంటే ముఖ్యమైనది కూడా.

అయితే ఒక పేచీ ఉంది, అది మనవాళ్లకు కాస్త ఎక్కువే. వెడల్పు. ఉత్తకాళ్లతోనో, చెప్పులతోనో పెరిగిన పాదం మూసిన షూలలో పెరిగిన పాదంలా ఉండదు. బెల్జియం పరిశోధకులు దక్షిణ భారతంలో ఉత్తకాళ్లతో నడిచే అలవాటున్నవారి పాదాలను కొలిచి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఆ పాదాలు ముందుభాగంలో వెడల్పుగా ఉన్నాయి, నడిచేటప్పుడు ఒత్తిడి అరికాలంతా మరింత సమంగా పరుచుకుంది. ఆరోగ్యానికి మంచి పాదమే, కానీ సన్నని బూటు అచ్చులో దూరదు. అప్పుడు మనం చేసే పని, పక్కల నొక్కుతోందని పొడవు పెంచడం. వెడల్పు సమస్యకు పొడవు మందు. పక్కల నొప్పి తగ్గుతుంది, మడమ మళ్లీ లేస్తుంది. వెడల్పు అచ్చుతో చేసిన బూట్లు కొన్ని కంపెనీలు విడిగా అమ్ముతాయి. వాటిని అడగాలి, పొడవును ముట్టుకోకూడదు. ఆడవాళ్ల బూట్లకు పైభాగం వేరే తీరుగా కోయడానికీ ఇలాంటి కారణమే. వాళ్లలో పిక్క కండ సాధారణంగా కొంచెం కిందికి దిగి ఉంటుంది, మగవాళ్ల బూటు పైఅంచు సరిగ్గా అక్కడ నొక్కుతుంది.

కొత్త బూటు ఎంత బిగుతుగా ఉందో అంత బిగుతుగా ఉండిపోదన్నది ఇంకో సంగతి. లైనరులో ఉండేది ఎక్కువగా ఈవీఏ నురుగు, గాలి నిండిన చిన్నచిన్న గదుల పదార్థం. వేడికి మెత్తబడి, ఒత్తిన ఆకారం పట్టుకుని, చల్లారాక ఆ ఆకారంలోనే నిలుస్తుంది. దుకాణంలో వేడిగాలి పెట్టి కాలి అచ్చు దిగేలా చేసి ఇస్తారు. అది చేయించకపోయినా, ఒంటి వేడికీ బరువుకీ నాలుగైదు రోజుల ఆటలో మెల్లగా అదే జరుగుతుంది. కొత్త దూదిపరుపు మన నడుము పడే చోట గుంట తీసుకున్నట్టు. అందుకే దుకాణంలో మరీ హాయిగా ఉన్న బూటు నెల తిరక్కుండా వదులవుతుంది. సెకండ్‌హ్యాండ్ బూట్లతో ఉన్న చిక్కూ అదే. వాటిలో ఇంకొకరి పాదం అప్పటికే కాపురం పెట్టి ఉంటుంది.

గట్టిదనం గురించి దుకాణాల్లో చాలా మాట్లాడతారు. నాకు అది రెండో విషయం. ఫ్లెక్స్ అని 1 నుంచి 10 దాకా అంకెలు వేస్తారు, 1 మెత్తన, 10 బండ. కొత్తవాళ్లకు మధ్యకంటే కొంచెం మెత్తవైపు ఉన్నవి సరిపోతాయి. గట్టి బూటు ప్రతి చిన్న వణుకునూ పలకకు మోస్తుంది, మొదటి రోజుల్లో మన కాళ్లలో వణుకులే ఎక్కువ. ఈ అంకెలకు అందరూ ఒప్పుకున్న కొలబద్ద లేదు, ఒక కంపెనీ 5 మరో కంపెనీ 5 కాదు. పైగా వెచ్చని దుకాణంలో వంచి చూసిన బూటు, సున్నాకు పది డిగ్రీల దిగువన ఇంకొంచెం బిగుసుకుంటుంది. గట్టి బూటైతే చీలమండకు రక్షణ అనేవాళ్లు ఉంటారు. అది అంత తేలికగా తేలే మాట కాదు. కొలరాడో స్కీ కొండల్లో మూడు వేలకు పైగా స్నోబోర్డు గాయాలను పరిశీలించి 1998లో వెలువడిన అధ్యయనంలో సుమారు 15 శాతం చీలమండ గాయాలు. మొత్తం పాదం, చీలమండ గాయాల రేటుకు బూటు రకంతో స్పష్టమైన సంబంధం కనిపించలేదు. ఆ గాయాల్లో ఒకటి డాక్టర్లకూ తలనొప్పి: చీలమండలో టేలస్ అనే ఎముక బయటి కొన విరగడం. 'స్నోబోర్డర్ ఫ్రాక్చర్' అని దానికి పేరే పడింది. మామూలు ఎక్స్‌రేలో తేలిగ్గా తప్పించుకుంటుంది, బెణుకు అనుకుని కట్టు కట్టి పంపేస్తారు. పడ్డాక చీలమండ బయటివైపు నొప్పి రోజులు గడిచినా తగ్గకపోతే స్కాన్ అడగడం మంచిది.

బిగించే పద్ధతి దగ్గరికొస్తే నాకు మా అమ్మమ్మ ఇంటి నులకమంచం గుర్తొస్తుంది. మంచం కుంగితే తాడు ఒకచోట పట్టి లాగితే సరిపోయేది కాదు. ప్రతి మెలిక దగ్గరా రాపిడి లాగుడును కొంత తినేస్తుంది, అందుకే తాతయ్య ఒక్కో వరసా బిగించుకుంటూ వచ్చేవాడు. మామూలు లేసులదీ అదే తంతు, మంచితనమూ అదే. పాదం మీద వదులుగా, చీలమండ దగ్గర బిగుతుగా, ఎక్కడికక్కడ కావలసినట్టు కట్టుకోవచ్చు. కానీ చేతులు కొంకర్లు పోయే చలిలో గ్లౌజులు విప్పి ముళ్లు వేయాలి. బోవా అనే చక్రం దీనికి విరుగుడుగా వచ్చింది. కొలరాడోలో స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్‌కు చెందిన గ్యారీ హ్యామర్‌స్లాగ్ ఆలోచన అది, 2001లో స్నోబోర్డు బూట్లలోనే మొదట బజారుకొచ్చింది. సన్నని ఉక్కు తీగ నునుపైన దారుల్లో జారుతుంది, రాపిడి తక్కువ, చక్రం తిప్పితే బిగుతు అంతటా ఒకేలా పాకుతుంది. అంతటా ఒకేలా అన్నదే చిక్కు కూడా. మడమ నిలవాలని తిప్పితే పాదం పైభాగమూ నలుగుతుంది. ఒకే చక్రం కంటే, పాదానికొకటి చీలమండకొకటి ఉన్న రెండు చక్రాలవి నయం. బైండింగులోకి నేరుగా టక్కున దిగే స్టెప్ ఆన్ బూట్లు 2017 నుంచి వస్తున్నాయి. వాటికి వాటి బైండింగే కావాలి, అద్దె పలకతో తిరిగేవాడికి పనికిరావు.

పాదం పైభాగం నలగడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అక్కడ చర్మం కిందనే వేళ్లకు రక్తం తీసుకెళ్లే ధమని ఉంటుంది, వేలు పెట్టి చూస్తే నాడి తెలుస్తుంది. వదులు బూటును మడమ నిలవడం కోసం అతిగా బిగించిన ప్రతివాడూ దాన్నే నొక్కుతాడు. అసలే చలికి వేళ్లలో రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి, వచ్చే కాస్త వెచ్చటి రక్తాన్నీ ఆపితే తిమ్మిరి, ఆ తర్వాత మొద్దుబారడం. నా వేళ్లు చల్లబడుతున్నాయని ఆ మొదటిరోజు నేను చేసిన వైద్యం, రెండో జత సాక్సులు తొడగడం! నూలు సాక్సులు, అదీ రెండేసి. పాదాలకు చెమట ఎక్కువ. నూలు దాన్ని పీల్చి చర్మానికి ఆనించి ఉంచుతుంది. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు బాగా వేడిని మోసుకుపోతుంది. ఒక గ్రాము చెమట ఆవిరయితే ఒంట్లోంచి సుమారు 2,400 జౌళ్ల వేడి తీసుకుపోతుంది. తడి సాక్సు అంటే పాదానికి కట్టిన చిన్న ఎయిర్ కూలర్. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పోగు లోపల దాచుకుని కూడా తడిసినట్టు అనిపించదు. ఒకే జత, పల్చని ఉన్ని సాక్సులు, పిక్క దాకా. ఇంకేదీ బూటులోకి వెళ్లకూడదు, లోపలి ప్యాంటు కొస కూడా. ఆ మడతే గంట తర్వాత ఎముక మీద గాటు పెడుతుంది.

డబ్బు ఒక్కదానికే ఉంటే, పలకా బైండింగూ అద్దెకు తీసుకుని బూట్లు కొనమంటాను. ఇందులో నాకు రెండో మాట లేదు. మొదటి ఏడాది పలక మారినా మనకు తేడా తెలియదు, బూటు మారితే పదో నిమిషంలో తెలుస్తుంది. కొనేముందు దుకాణంలోనే తొడుక్కుని ఇరవై నిమిషాలు తిరగాలి. దుకాణంవాళ్లు విసుక్కోరు, విసుక్కుంటే అది మన దుకాణం కాదు.

26 సైజు కొన్నాను. మొదటి రెండు రోజులు పాదాలు గుప్పిట్లో ఉన్నట్టున్నాయి. మూడో రోజు పలక మొదటిసారి నేను అనుకున్న చోట మలుపు తిరిగింది. బొబ్బలు లేవు. రాత్రి లైనర్లు ఊడదీసి కుర్చీ వీపుకు తగిలించాను, హీటరుకు దూరంగా. దగ్గర పెడితే నురుగు మళ్లీ మెత్తబడి ఆకారం పాడవుతుంది. అమ్మ వీడియో కాల్‌లో వాటిని చూసింది.

"ఏమిట్రా అవి, బూటు లోపల ఇంకో బూటా?"

అవునన్నాను. మూడు రోజులయినా ఇంకా కాస్త బిగుతుగానే ఉన్నాయని కూడా చెప్పాను.

"ఒక సైజు పెద్దవి తీసుకోవాల్సింది" అంది.